ఎదురుకాళ్ల దుర్గాబాయి

నేనిగ నీ చెయ్యి తొక్క, సిద్దిరాములూ. ఎన్నిసార్లు చాపుతవ్ ఆ చెయ్యి? తియ్యి. చాప మీదికెల్లి లేసి కూసో.

అగో, మొకం గట్ల పెడుతవేంది! ఊరందరికి కాలు పెడ్తది, సొంత తమ్మునికి పెట్టదా అక్క అనా? బౌరంపేట్ల ఎవలకు నడుం పట్టినా, మెడ పట్టినా నా దగ్గరికే వస్తరు. ఎదురుకాళ్లతోని పుట్టిన దుర్గాబాయి తొక్కితే నొప్పి పోతదంటరు. నాకెర్కలేదా?

దసరాకెల్లి తొక్కుతున్న నీ చెయ్యి. ఆటో స్టార్టు చేసే రాడ్డు గుంజి గుంజి పట్టేసిందన్నవ్. సరే అన్న. శివరాత్రి ఎళ్లిపాయె. పోయిందా?

ఇందాక చాయ్ తాగుకుంట దగ్గినవ్ చూడు. దగ్గింది గొంతు, నువ్వు పట్టుకున్నదేమో భుజం! నేను చూడలేదనుకున్నవా? బస్తా మోస్తే నొస్తలేదు, దగ్గితేనే భుజం నుంచి వేళ్లదాక గుంజుతాంది. రాడ్డుతోని వచ్చిన నొప్పికి దగ్గుతోని ఏం పని? వేళ్లు తిమ్మిరెక్కుతున్నయని నీ పెండ్లామే చెప్పింది. అంగీ వదులైంది. బీడీ మాత్రం నువ్వు వదుల్తలేవు.

నవ్వకు. నవ్వితే మళ్ల దగ్గొస్తది.

నీ పెండ్లాం చెప్పినకాడికెల్లి నాకు ఏడ్పు గూడ వస్తలేదు ర. బియ్యం ఏరుతున్న, బోళ్లు తోముతున్న, ఏం సోయి లేదు.

మేడ్చల్ దవాఖానకు పోదాం పా. నీ ఆటోలనే. రాడ్డు నేను గుంజుత. ఛాతికి ఎక్స్‌రే తీస్తరు. ఏం లేదంటే నన్నే తిట్టు. ఏమన్న ఉంటే జల్దీ తెల్వాలె గద!

ఏందీ? నా కాలు ఉండంగ దవాఖాన ఎందుకా?

అయితే ఇను. నేను ఎదురుకాళ్లతోని పుట్టలే. అందరి లెక్కనే తలకాయతోని పుట్టిన. నీకప్పుడు పాలపండ్లే. నాట్ల కాడ పటేలు నడుం పట్టుకొని పడ్డడు. ఎదురుకాళ్ల పిల్ల ఎవరన్న ఉందా అంటే, అమ్మ నన్ను ముందుకు నూకింది. ఆ పొద్దుగాలనే పటేలు అమ్మను రేపటికెల్లి పనిలకు రావద్దన్నడు, గందుకు నూకింది. నేను తొక్కిన, ఆయన లేసి కూసున్నడు. ఇగ ఊరు నన్ను ఇడువలే. ఎవలకు చెప్పకు బిడ్డా అన్నది అమ్మ, చెప్పలే. నా కాలుల ఏం లేదు తమ్మీ. ఒట్టి కాలు.

ఇన్నవా?

ఇన్నవ్. ఇని మళ్ల చాప మీద ఒరుగుతున్నవ్. దవాఖానకు తోల్కపోనీకి అక్క అబద్ధమాడుతున్నదంటవ్. ఊరంత అబద్ధం నమ్మింది, నువ్వు నిజం నమ్మకపోతివి.

చాపు, తొక్కుత. కాలుదేముంది. తొక్కినంక నొప్పి తగ్గిందని మాత్రం అనకు ర.