ఇదిగో ఇక్కడే అన్నంత దూరం

సభను నడిపిస్తున్న వార్డు అధ్యక్షులు అంగ్‌బుహాంగ్ గారికి, జిల్లా తపాలా కార్యాలయం నుంచి ఇంత ఎత్తు ఎక్కి వచ్చి ఇంకా ఊపిరి కూడదీసుకుంటున్న అధికారి గారికి (నవ్వులు), ముందు వరుసలోని పెద్దలకు, వెనక పాల క్యాన్లు పక్కన పెట్టుకుని కూర్చున్న ఆడపడుచులకు నా నమస్కారాలు. మెడ తిరగకుండా ఇన్ని ఖాదా కండువాలు వేశారు, సంతోషం. తోంగ్బా రాగి కల్లులో వేడినీళ్లు పోసేలోగా ముగించమన్నారు. ప్రయత్నిస్తాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ ధాపే గ్రామానికి తపాలా సంచి మోశాను. నేను బడికి వెళ్లింది రెండు వానాకాలాలు; మిగతా చదువంతా కవర్ల మీది చిరునామాలు నేర్పినదే. కవర్ల మీద ఖతర్, మలేషియా అన్న పేర్లు పెరిగేకొద్దీ మన మెట్టచేలలో మొక్కజొన్న తగ్గుతూ వచ్చింది. మా తాత కాలంలో ఉత్తరాన పై కొండల నుంచి ఉప్పు దిగేది, దక్షిణాన మైదానం నుంచి బియ్యం ఎక్కేవి. ఇప్పుడు రెండూ మన కనుమ దాకా లారీలోనే వస్తున్నాయి, కొండ దిగి వెళ్లేది మగవాళ్లు. ఉండిపోయిన ఆడవాళ్లు గేదెల్ని పెంచారు. ఈరోజు ధాపేలో నలభై ఇళ్ల పొయ్యి వెలిగేది పాల మీదే. అధికారి గారూ, మీరు ఇందాక తాగిన టీ కూడా ఆ పాలదే.

ఇప్పుడు అసలు మాట. మూడేళ్ల కిందట పటం వేయడానికి ఖనాల్ బాబు వచ్చాడు. పాపం, మోకాళ్లు వాచిపోయి మా అరుగు మీద కూలబడ్డాడు. ఎదుటి కొండ మీది పారిగావ్ చూపించి, అన్నని పిలిచినట్టు "దాజూ, అది ఎంత దూరం?" అని అడిగాడు. నేను గడ్డం ఎత్తి చూపించి, "ఇదిగో, ఇక్కడే హజూర్" అన్నాను.

మనలో ఎవరైనా అదే అంటారు. అలసిన మనిషికి ఉన్న దూరం చెబితే అక్కడే చతికిలబడతాడని మన భయం. అక్కడ కోడి కూస్తే ఇక్కడ వినబడుతుంది, నిజమే. కానీ కోడికి మధ్యలో ఏరు దిగి ఎక్కే పని లేదు. (నవ్వులు)

ఖనాల్ బాబు నా మాట రాసుకున్నాడు, పటంలో ఈ ఊరి నుంచి ఆ ఊరికి అడ్డంగా ఒక గీత గీశాడు, రెండు కప్పుల టీ తాగి వెళ్లాడు. పోయిన నెల పై ఆఫీసు నుంచి కవరు వచ్చింది: రెండు ఊళ్లకూ కలిపి పాలు చల్లబరిచే కేంద్రం పారిగావ్‌లో, ధాపేకి అది దగ్గరే కనుక. ఆ కవరు మోసుకొచ్చిందీ నేనే.

అదిగో, సనమతి దిదీ వెనక కూర్చుంది. పోయిన వారం తెల్లారగట్ల పాలు పితికి, చూద్దామని పారిగావ్ వెళ్లింది. బుట్ట కింద కర్ర ఆనించి ఎన్నిసార్లు ఆగావు దిదీ?

(వెనక నుంచి: "నలభై రెండు. చేరేసరికి పాలు విరిగాయి. నీ సన్మానానికి పెరుగు తేలేదని ఏమీ అనుకోకు దాజూ." పెద్ద నవ్వులు)

అనుకోను. తప్పు నాది. ఎవరో పై ఆఫీసు వాళ్లని తిట్టుకుంటూ మూడు వారాలు తిరిగాను. నిన్న సంచి అప్పగించి వస్తుంటే, ఆ గీత గీసింది నా గడ్డమేనని తట్టింది. అధ్యక్షా, ఆదివారం పారిగావ్‌లో మీరు శంకుస్థాపన చేయబోతున్నారు. మన కనుమ దగ్గర చేస్తే రెండు ఊళ్ల పాలూ గంటన్నరలో చేరతాయి. నా మాట నమ్మమని అడగను, దాని విలువ ఇప్పుడే విన్నారు.



రేపు పొద్దున సనమతి క్యాన్ నేను మోస్తాను. మీరూ ఒకటి ఎత్తుకోండి. పారిగావ్ చేరాక మూత తీసి వాసన చూసి, ఆ తర్వాత శంకుస్థాపన ఎక్కడో మీరే చెప్పండి. తల ఊపారు, అందరూ చూశారు.

సన్మానానికి, ఖాదాలకు, ఇన్నేళ్లు నా చేత చదివించుకున్న ఉత్తరాలకు కృతజ్ఞతలు. అధ్యక్షా, ఒక్క జాగ్రత్త. రేపు దారిలో ఎంత దూరమని మాత్రం మనవాళ్లెవరినీ అడగకండి. ఇదిగో, ఇక్కడే అంటారు.

సెలవు.