సోమవారం రీస్టార్ట్

అంబులెన్స్ కాల్ సెంటర్‌లో సర్వర్ గది. భార్య పోయిన వారానికి సీనియర్ ఇంజనీరు ఆ ఉదయమే డ్యూటీకి వచ్చాడు. జూనియర్ అమ్మాయి పక్కనే కూర్చుని రిపోర్టు రాస్తోంది.

"అన్నయ్యా, పోయిన సోమవారం పదకొండు నుంచి నలభై నిమిషాలు ఒక్క కాలూ డెస్కులకి అందలేదు. కాల్స్ పంచే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ నిండిపోయిందట."

"ప్రతి కాల్‌కీ కాస్త పట్టుకుంటుంది, మళ్లీ వదలదు. సరిగ్గా వారానికి నిండుతుంది."

"మీకు ముందే తెలుసా?"

"రెండేళ్లుగా తెలుసు. సోమవారం రాగానే రీస్టార్ట్ చేసేవాణ్ణి. రెండు నిమిషాల పని."

"సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు దాన్ని సరిచేసే ప్యాచ్ పంపారుగా."

"అది వేయాలంటే గంటసేపు లైన్లు ఆపాలి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ వచ్చా."

"రీస్టార్ట్ సంగతైనా మాకు చెప్పాల్సింది."

"చెప్తే, ప్యాచ్ ఎందుకు వేయలేదని అడుగుతారు."

"ఆ రోజు సెలవు పెట్టారు కదా."

"మీ వదిన పొద్దున్నే గుండెల్లో నొప్పన్నది. నన్ను ఇంట్లో ఉండమంది. ఉండిపోయా."

"అంబులెన్స్‌కి ఎప్పుడు ఫోన్ చేశారు?"

"పదకొండుంబావుకి."

ఆమె టైపు చేయడం ఆపేసింది.

"మాకు చేయాల్సింది, అన్నయ్యా."

"డ్యూటీలో సెల్లులు లాకర్లో పెట్టమని రూలు పెట్టింది నేనేగా. అంబులెన్స్ నంబరేమో అలా మోగుతూనే ఉంది. మోగుతుంటే గోడ మీద క్యాలెండర్ చూశా."



"ఇవాళా సోమవారమే, అన్నయ్యా."

"తెలుసు. రాగానే రీస్టార్ట్ చేశా."