పడుగు పక్కన నడక

తేదీ ముందు రాయి గఫూర్ సాబ్. రెండువేల ఇరవై అయిదు, ఆగస్టు పదకొండు, సోమవారం. ఆదోనిలో పొద్దున్నించి మబ్బు, గాలి. చినుకు మాత్రం లేదు. వీలునామాలో వాన సంగతి ఎందుకంటావా? నా ఆస్తి, నా కాగితం. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి నా ప్రతి మాటకూ అడ్డం పడతానే ఉన్నావు. ఎమ్మిగనూరులో రాయిస్తే సాయంత్రానికల్లా కొడుకు ఉమేష్‌కు తెలుస్తుందని, బస్సెక్కి నీ దగ్గరికి వచ్చినా.

మా ఉమేష్ కొడుకు ఈరేష్ తెలుసు కదా, ఆటిజం పిల్లోడు. పదహారేళ్లకు తొంభై ఆరు కిలోలు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు రోజూ అరగంట నడిపించమన్నాడు. చెప్పేవాళ్లకేం? ఉమేష్ నడిచే మిషను తెచ్చినాడు. పిల్లోడు ఎక్కినాడు, దిగినాడు, మళ్లీ దాని దిక్కు చూడలేదు. ఎంత నడిచినా అవతలి కొస రాదు కదా దానికి! వానికి కొస కావాల.

పన్నెండేళ్లప్పుడు ఎట్లుండె వాడు! మా వీధిలో నేతపని రంగన్న తెల్లారేసరికి మగ్గానికి ఎక్కించే పడుగును వీధి పొడుగునా సాచేవాడు. నలభై గజాల దారాలు, గంజి వాసన. గంజి పట్టించే కుంచె పట్టుకొని రంగన్న ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవాడు. పక్కనే మావాడు, దారాల మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పెట్టి. ఎవరూ రమ్మనలేదు. ఎండెక్కే దాకా నడిచి, ఇంటికొచ్చి, పెట్టింది తిని నిద్రపోయేవాడు. పోగు తెగితే అక్కడే నిలబడిపోయేవాడంట. "నా కంటే ముందు వాడే చూస్తాడు సారూ" అనేవాడు రంగన్న.

మరి ఎందుకు మానినాడంటావా? ఉండప్పా, టీ తాగనీ.

టీ అంగడి కాడ ఎవరో అన్నారు, "సారు మనవణ్ని కూలికి పెట్టినట్టుందే" అని. నలుగురూ నవ్వినారు. నేను బి.ఏ. చదివినవాణ్ని, ముప్పై ఏళ్లు ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నవాణ్ని. మరునాడు తలుపు గడియ పెట్టినా. వాడు తలుపుకు తల కొట్టుకున్నాడు. ఏం చేయాల? బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించి చేతిలో పెట్టినా. ఊరుకున్నాడు. అంతే, రోజూ కోడలు మల్లేశ్వరి పాలకు పోయిన వేళ అదే పొట్లం. ఇప్పుడు ఆ వేళకు వాడు తలుపు దిక్కు చూడడు. నా చేతి దిక్కు చూస్తాడు.

ఇంత లావు ఎట్లయినాడని డాక్టరు అడిగితే నేనేమన్నానో తెలుసా? "కోడలి వంట సార్, నూనె ఎక్కువ." మల్లేశ్వరి పక్కనే నిలబడి ఉంది. ఆ రోజు నుంచి నూనె చెంచాతో కొలిచి పోస్తాంది. వాడు తగ్గలేదు, ఆ యమ్మ ఎండిపోయింది.

వీధిలో సిమెంటు రోడ్డు పడి, బండ్లు ఎక్కువై, రంగన్నకు పడుగు సాచే చోటే లేకపాయె. మొన్న గురువారం మా పెరట్లో సాచుకోమన్నా. గంజి వాసనకేమో, ఈరేష్ తనంతట తానే లేచి వచ్చినాడు. మూడు కొసలు నడిచి కూలబడినాడు.

రంగన్న కుంచె ఆపినాడు. "మూడు అయినాయి సారూ. రేపు నాలుగు."

ఉమేష్ ఏమో ఆ పెరట్లో బాడుగ గదులు కడతానంటాడు. అందుకే రాయి. ఇల్లు ఉమేష్‌కు. ఆదోని అంగడి కూతురు ఈశ్వరికి. పెరడు రంగన్నకు, పడుగు సాచినంత కాలం, పక్కన ఈరేష్‌ను నడవనిచ్చినంత కాలం. ఆ తర్వాత ఈరేష్‌కే.

మల్లేశ్వరికా? ఏమీ లేదు. ఆ యమ్మకు నేనియ్యాల్సింది ఒక్క మాట. నీకు చెప్పినా గానీ, ఆమె ముందర నోరు రాదు. కాగితంలో పెడతానంటావా?

వద్దులే. నలుగురూ చదువుతారు. యాడ సంతకం పెట్టాల, చూపించు.