పోర్టికో కింద మిగిలిన కట్టె

"అవ్వా, నా ఎగ్జిబిషన్ల బిల్డింగులయి నలభై పాత ఫోటోలున్నయి. నువ్వు గా నందికొండ గెస్ట్‌హౌజ్ ఫోటో ముంగటనే అరగంట నిలవడ్డవ్. ఎందుకే?"

ఎందుకంటే... ఫోన్ల రికార్డయితాందా? కానియ్యి. గా పోర్టికో కప్పు మా నాయిన పోసిందే బిడ్డా. డ్యాం కట్టేటప్పుడు మర్రిగూడ కెల్లి పోయినం. నాయిన మేస్త్రీ, అమ్మ తట్ట మోసేది. నాకు పదకొండు... కాదు, పన్నెండేండ్లు. చాయ్ అణాకొచ్చేది, మా చిన్నమ్మ రోజుకు ఆరు తాగేది, గది వేరే ముచ్చట.

నువ్వు ఫోటో కింద చీటీల ఏం రాసినవ్? రెండే స్తంభాల మీద గాలిల తేలే కప్పు అని. ఉత్తగనే తేలుతదా? కింద పద్నాలుగు సర్వీ కట్టెలు ఆసరకు నిలవెట్టి, మీద సిమెంటు మాలు పోసిండ్రు. కప్పు గట్టివడేటట్టు ఇరవై ఒక్క రోజులు తడిపినంకనే కట్టెలు తియ్యాలె. తడిపే పని నాది. రోజుకు మూడు పూటలు బిందెతోని నిచ్చెనెక్కి, కప్పు మీద పరిచిన గోనెసంచుల మీద నీళ్లు పోసుడు.

తొమ్మిదో రోజు పట్నం నుంచి ఫోటోలు తీసేటాయిన దిగిండు. కట్టెలుంటే ఫోటో ఖరాబైతదట. ఇంజనీరు "తీసెయ్ మేస్త్రీ" అన్నడు.

"ఇంక పన్నెండు రోజులాగాలె సార్."

"నాకే లెక్కలు చెప్తున్నవా?"

మేస్త్రీలల్ల ఒక రివాజుండె. కట్టెలు తీసేటప్పుడు కూలోళ్లను దూరం పంపి, పోసినోడే కప్పు కింద నిలవడాలె. నాయిన ఒక్కడే పోయిండు. సుత్తెతోని కొడుతాంటే ఒక్కొక్కటి పడుతాంది. నేను లెక్కవెడుతున్న. ఐదు. ఎనిమిది. ఒక్కో అడుగు కప్పు దిక్కు జరుగుతున్న. ఎందుకంటవా? కృష్ణ నది దిక్కున్న మూలకు నేను సక్కగ నీళ్లు పట్టలే. ఏట్ల పుట్టి పడవ ఎక్కుదాం రాయే అని దోస్తులు పిలిస్తే ఉరికిన. అమ్మ అడిగితే పోసిన అన్న.

పదమూడు పడ్డయి. ఇగ గా మూలదే ఉన్నది. నాయిన సుత్తె లేపిండు. నేను ఒర్లిన...

"నాయినా! గా మూల ఎండింది! నేను పోయలే!"

మాలు కలిపే మిక్సర్ చప్పుడుల ఇంజనీరుకు ఇనరాలే. నాయిన ఇన్నడు. పైకి జూసిండు, నా దిక్కు జూసిండు, సుత్తె కింద వెట్టిండు.

"ఇది తియ్య సార్. నేను పోసిన మాలు మీద నాకే నమ్మకం లేదు."

"మేస్త్రీవా, పిరికోనివా?" అని ఇంజనీరు అందరి ముంగట నవ్విండు. ఫోటో ఆయన జర పక్కకు జరిగి, కట్టె స్తంభం ఎన్క దాగేటట్టు తీసిండు. నువ్వు గోడకు వెట్టింది గా ఫోటోనే, సక్కగ జూస్తే కట్టె సన్నగ, గీతంత కనవడుతది. నువ్వు నీడ అనుకున్నవేమో.

తెల్లారి నాయినను పనికి రావద్దన్నరు. మర్రిగూడ బస్సుల కూసున్నంక అడిగిండు, "ఎన్ని పూటలు ఎండవెట్టినవ్ బిడ్డా?"

"రెండు" అన్న.

"రెండైతే ఆగుతుండెనే... ఉత్తగ భయపడ్డ" అని కిటికీ దిక్కు తిరిగిండు. సచ్చేదాక తను పిరికోడనే అనుకున్నడు, గా మాట తీసి తీసి అనేటోడు.

నిజంగ ఎండవెట్టింది ఐదు, తల్లీ. ఐదు పూటలు.

సల్లగుండు బిడ్డా. నీ నోరు నిజం దాసిన నా నోరు లెక్క గావద్దు... ఇగ బంద్ చెయ్యి గా ఫోను.