ఒకే క్రిస్టల్

తార్నాక వైపు గేటు దాటగానే ఎలక్ట్రానిక్స్ విభాగం. ల్యాబులో ఇద్దరే ఉన్నారు. థీసిస్ మీద సంతకం అడగడానికి వచ్చిన స్వరూప తన గైడు విష్ణువర్ధన్‌ను ఇంకేదో అడిగి కూర్చుంది.

“హబ్సిగూడకు ఎవర్నడిగి తీసకపోయినావు?”

“ఎవర్నీ అడగలే సార్. ఫ్రెండ్ ల్యాబున్నది గాడ. మన సింథసైజర్ బోర్డు ఫ్రీక్వెన్సీ ఒక్కసారి కొలిచి చూద్దామని.”

“ఇక్కడ కొలిచింది చాల్లేదా?”

“మన కౌంటర్ మీద సరిగ్గ వంద మెగాహెర్ట్జ్ సార్. గాడ తక్కువొచ్చింది.”

“వాళ్ల కౌంటర్ చెడిపోయింటుంది.”

“రెండిటి మీద చూసిన.”

“అయితే రెండూ చెడిపోయింటాయి. లాక్ లైటు వెలుగుతాందా లేదా?”

“వెలుగుతున్నది.”

“వెలిగితే ఏమి అర్థం? బీటెక్ పిల్లకాయల్ని అడిగినట్టే అడుగుతున్నా. థీసిస్ రాసినావు గదా.”

“సార్, అది...”

“చెప్పమ్మా. మొదట్నుంచి.”

“క్రిస్టల్ పది మెగాహెర్ట్జ్ ఇస్తది. ఆసిలేటర్ వంద దగ్గర తిరుగుతది, కని నిలకడుండదు. దాన్ని పదితో భాగించి క్రిస్టల్ పక్కన పెడ్తం. రెండిటి అలలు కలిసి నడుస్తున్నయా లేదా ఫేజ్ డిటెక్టర్ చూస్తది. ఆసిలేటర్ వెనకబడితే వోల్టేజీ పెంచి ముందుకు గుంజుతది, ఉరికితే తగ్గించి ఆపుతది.”

“కలిస్తే?”

“లాక్ లైటు.”

“అబ్బ. ఇంత తెలిసీ దాన్ని హబ్సిగూడకు మోసకపోయినావు.”

“క్రిస్టల్‌తోని కలిసిందనే చెప్తది సార్ లైటు. క్రిస్టల్ మంచిదో కాదో చెప్పదు. అది కొంచెం తక్కువుంటే బయటికొచ్చేదాంట్ల ఆ తక్కువ పదింతలైతది.”

“ఉంటే మన కౌంటర్ చూపించదా? దానికి కళ్లు లేవా?”

“కౌంటర్‌కు దాని సొంత క్రిస్టల్ వాడ్తలేం గద. వెనకనుంచి కేబులేసి గీ క్రిస్టల్‌నే ఇచ్చినం. వెనకబడ్డ గడియారాన్ని దాంతోనే సరిచూస్కున్నట్టు. ఎప్పుడు చూసినా వందే.”

“ఆ కేబులు ఎవరేసింది?”

“నేనొచ్చేసరికే ఉండె.”

“నేనడిగింది అది కాదు.”

“అందరియి గట్లనే అయినయ్ సార్. దేవేందర్ థీసిస్, పద్మశ్రీది...”

“వాళ్లకు ఉద్యోగాలొచ్చినాయి. నీమాదిరి బోర్డు సంకలో పెట్టుకుని ఊరేగలేదు.”

“కేబుల్ పీకి చూడమంటరా? ఇప్పుడే తెలుస్తది.”

“ముట్టుకోవద్దు.”

“సార్, మీకు...”

“తెలుసు. నువ్వు చెప్పే పనిలేదు.”

“తెలిసి...”

“ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు, లైటు చూస్తాడు, భోంచేసి పోతాడు. ఆ కొంచెం తక్కువ ఎవరికి కావాల? పాత రీడింగ్ ఉంచితే ఈ పూటే సంతకం. హబ్సిగూడది రాస్తే కొత్త క్రిస్టల్ తెప్పించుకుని అన్నీ మళ్లా కొలుచుకో. నీ ఫెలోషిప్ అయిపోయినట్టుంది గదా?”

“అయిపోయింది సార్.”

“టీ తాగు. ఆలోచించుకో.”

“...పాతదే ఉంచుత.”

“ఏమన్నావు?”

“పాత రీడింగే ఉంచుత సార్. గీడ పెట్టుండ్రి సంతకం.”

“ఇదే కేబుల్ సంగతి అడిగినందుకు మా గైడు నన్నూ ఇట్లే కూర్చోబెట్టినాడు. సరే అనడానికి నాకు వారం పట్టింది. నీకు టీ చల్లారనన్నా లేదే.”