సూర్యుణ్ణి ఆలస్యం చేసిన నీళ్ల మిషన్

“చలి మొదలయ్యేలోపు పన్నెండు ఇళ్లకూ, పొద్దున ఆరింటికి, కుళాయి తిప్పగానే పొగలు కక్కే నీళ్లు. కరెంటు మూడో వంతే. మాట ఇస్తున్నాను.”

ఈ కాగితం మా బిల్డింగ్ మెట్ల గోడకు ఇంకా అంటుకునే ఉంది. మాట ప్లంబర్ మామది. చేతిరాత నాది. కింద ఎర్ర అక్షరాలతో ఉన్న “భూమిని కాల్చకుండా నీళ్లు కాచుకుందాం” అనే నినాదం కూడా నాదే. శక్తిని వృథా చేయడమంటే ఇంకా పుట్టని పిల్లల దగ్గర దొంగతనం చేయడమేనని గుమ్మం గుమ్మానికీ ఉపన్యాసం ఇచ్చి పన్నెండు సంతకాలు పెట్టించాను. ఇంటికొకటిగా ఉన్న గీజర్లు తీసేసి, అందరికీ కలిపి ఒకే మిషన్ మెట్ల కింద గదిలో పెట్టించాం. గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లకు ఇచ్చే మిషన్ అది. మిగతా పదకొండు ఇళ్లవాళ్లు పాత గీజర్లను మంచాల కింద దాచుకున్నారని తర్వాత తెలిసింది. మా అమ్మ ఒక్కతే కొడుకు మాట నమ్మి, తన గీజర్‌ని పాత ఇనుప సామాన్లు కొనేవాడికి ఇచ్చేసింది.

చలి వచ్చి మూడు వారాలైంది. మొదటి అంతస్తులో రెండు బకెట్లు గోరువెచ్చగా వస్తాయట. మూడో అంతస్తులో మా కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకు ఎముకలు జివ్వుమంటాయి. మా అమ్మ బట్టలు కుడుతుంది. ఆమెకు కీళ్ల నొప్పులు, పొద్దున లేచేసరికి వేళ్లు పిడికిలిలా బిగుసుకుపోతాయి. పావుగంట వేడినీళ్లలో నానితేగానీ కత్తెర పట్టుకోలేదు. పొయ్యి మీద కాచిన గిన్నెడు నీళ్లు ఒక చేతికి సరిపోతాయి, రెండో చేయి ముంచేసరికి చల్లారిపోతాయి. ఈ నెల ఇరవైకి ఒక స్కూలుకి నూట నలభై యూనిఫారాలు ఇవ్వాలి. సగం కూడా కాలేదు. ఇవ్వకపోతే వచ్చే ఏడు ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని రోజూ ఎదురుగా ఉన్న టీ కొట్టు బాయిలర్ నుంచి క్యాన్ నింపుకోవడానికి ఇద్దరం దిగి వస్తున్నాం.

మొన్న ఆదివారం వచ్చేసరికి బెంచీ మీద ప్లంబర్ మామ కూర్చుని ఉన్నాడు. పక్కన ఆటో అన్న, బాయిలర్ వెనక టీ కొట్టాయన. మామ మా మిషన్ కథే చెబుతున్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ మోచేత్తో పొడిచింది.

“ఉండరా. అది ఎలా పనిచేస్తుందో నాకూ ఎవరూ చెప్పలేదు. విననీ.”

మామ గొంతు సవరించుకున్నాడు.

“పెద్ద గొప్పేం కాదులే అక్కా. ఆ మిషన్ మొయ్యడానికి కంపెనీవాళ్లు ఆరుగురిని పంపిస్తామన్నారు. ఎందుకండీ అంతమంది, ఒకణ్ణి పంపండి చాలు, నాకు గొడుగు పట్టడానికి అన్నాను. భుజాన వేసుకున్నా, వీధి మలుపు నుంచి మెట్ల కింద గది దాకా ఎక్కడా దించలేదు, మధ్యలో ఫోనొస్తే ఆగి మాట్లాడాను కూడా, మా ఆవిడ ఉల్లిపాయలు తెమ్మని, సరే అని అవీ కొనుక్కుని రెండో భుజాన వేసుకున్నా.”

“నిన్న ఇద్దరొచ్చారన్నావు,” అన్నాడు ఆటో అన్న.

“రెండోవాడు గొడుగు పట్టినవాడికి గొడుగు పట్టడానికి. మధ్యలో అడ్డు రాకు. బిగించాం, నీళ్లు పెట్టాం. కంపెనీ ఇంజినీరు గడియారం చూసుకుని, ట్యాంకు కాగడానికి మూడు గంటలు పడుతుంది, నేను భోంచేసి వస్తానన్నాడు. నేను మిషన్‌కి చెవి ఆనించి విన్నాను. మనిషి నాడి డాక్టరుకి తెలుసు, మిషన్ నాడి నాకు తెలుసు. సార్, దీనికి గొంతులో ఏదో పట్టేసింది అన్నాను. ఒకే ఒక్క స్క్రూ, పావు చుట్టు తిప్పాను. ఇంజినీరు ఇంకా గుమ్మం దాటలేదు, ఇక్కడ నీళ్లు కుతకుతలాడుతున్నాయి. ఆయన వెనక్కొచ్చి నా స్క్రూడ్రైవర్ కళ్లకద్దుకున్నాడు.”

“తమ్ముడూ,” అంది అమ్మ, “నిప్పు లేదు, గీజర్లో ఉండే కాయిల్ లేదు. నీళ్లెలా కాగుతాయి? అది చెప్పు ముందు.”

“మంచి ప్రశ్న అడిగావక్కా. ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టావా? వెచ్చగా ఉంటుంది కదా. లోపలున్న వేడిని లాగి వెనక పారేస్తుంది అది. ఇది దాని తమ్ముడు. గాలిలో వేడిని లాగి నీళ్లలో పోస్తుంది. మనకి చలేస్తోందనుకునే గాలిలో కూడా దానికి కావలసినంత వేడి ఉంటుంది. గీజరైతే కరెంటుతో వేడిని పుట్టించాలి. ఇక్కడ కరెంటు పని మోసుకొచ్చి పెట్టడమే. సరుకు ఊరికే, కూలి మాత్రం ఇస్తాం.”

ఇంతవరకూ అతను చెప్పింది అక్షరాలా నిజం. నేను పుస్తకాల్లో నాలుగు పేజీలు చదివి అర్థం చేసుకున్నది అతను గ్లాసు టీ అయ్యేలోపు చెప్పేశాడు. ఇంత తెలిసినవాడు మా కుళాయిలో మంచునీళ్లు ఎలా పంపుతున్నాడన్నదే నాకు అంతుబట్టలేదు.

అమ్మ వదల్లేదు. “మరి వేడి లాగేశాక ఆ గాలి ఏమవుతుంది?”

“చల్లబడిపోతుంది. అసలు కథ అక్కడే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గదిలో ఉన్న వేడంతా అరగంటలో తాగేసింది మిషన్. దానికి దాహం తీరలేదు. వీధి మీద పడింది. ఎండలో పడుకున్న కుక్కలు లేచి ఒకదాన్నొకటి వాటేసుకుని కూర్చున్నాయి, జన్మలో ఒకదాని మొహం ఒకటి చూడని కుక్కలు. ఇదిగో, ఈయన బాయిలర్ ఆ రోజు మధ్యాహ్నం దాకా మరగలేదు, అడగండి.”

“గ్యాస్ అయిపోయింది ఆ రోజు,” అన్నాడు టీ కొట్టాయన.

“నువ్వలా అనుకున్నావు. సిలిండర్లోనే గడ్డకట్టింది. కంగారు పడతావని నేను చెప్పలేదు.”

టీ కొట్టాయన సిలిండర్ వైపు ఒకసారి అనుమానంగా చూశాడు.

“నీళ్ల సంగతి చెప్పు,” అన్నాడు ఆటో అన్న.

“నీళ్లా? ఎంత కాగాయంటే, మొదటి అంతస్తు వాళ్లకి నీళ్లుగా అందాయి, రెండో అంతస్తుకి సగం నీళ్లు సగం ఆవిరి, మూడో అంతస్తుకి ఎక్కేసరికి మొత్తం ఆవిరైపోయి పైపుల్లోంచే ఎగిరిపోయాయి.”

“అందుకేనా మాకు రావట్లేదు?” అంది అమ్మ.

“అదే మరక్కా. మీకు రాకపోవడం వేడి ఎక్కువై. తక్కువై కాదు.”

నా చేతిలో క్యాన్ మూత గట్టిగా నొక్కాను. అమ్మ మాత్రం పిట్టకథ వింటున్న పిల్లలా తల ఊపింది. మామకి ఆ ఊపు చాలు.

“మర్నాడు కరెంటు ఆఫీసు నుంచి మీటర్లు చూసే అతనొచ్చాడు. చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మీటర్ వెనక్కి తిరుగుతోంది. పోయిన నెల అంకె దాటింది, పోయిన ఏడాది దాటింది, మీ బిల్డింగ్ కట్టకముందు అంకెకి వచ్చేసింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే పునాదులు ఉండేవి కావు, అందరం గడ్డిలో నిలబడేవాళ్లం. నేనే వేలు అడ్డం పెట్టి ఆపాను. ఇదిగో, మచ్చ.”

“అది పైపు కోస్తుంటే తెగిందన్నావుగా,” అన్నాడు ఆటో అన్న.

“అది కింద మచ్చ. ఇది దాని పైది. వినండి, ఇది ఎక్కడా చెప్పకండి. ఆ రాత్రి మిషన్ ఆపడం మర్చిపోయి పడుకున్నాను. తెల్లారుజామున ఫోను. ఎవరంటే వాతావరణం ఆఫీసు. అయ్యా, తూర్పు వైపు సూర్యుడు రావలసిన టైముకి రాలేదు, కొండ వెనక తచ్చాడుతున్నాడు, మీ వీధి వైపు చూసి వెనక్కి జరుగుతున్నాడు, మీ దగ్గరేమైనా నడుస్తోందా అని. నాకు వెలిగింది. లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి స్క్రూ వెనక్కి తిప్పాను. అప్పుడుగానీ సూర్యుడు ధైర్యం చేసి పైకి రాలేదు. మొత్తం నలభై నిమిషాలు ఆలస్యం.”

“నాకెందుకు తెలీలేదు మరి?”

“నువ్వెప్పుడైనా తొమ్మిదికి ముందు లేచావా?”

ఆటో అన్న గ్లాసు ఎత్తి టీ తాగుతుండగా అమ్మ ఇంకో ప్రశ్న వేసింది, మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని.

“అంత గొప్ప మిషన్‌ని ఈ చలిలో ఎలా కాపాడుతున్నావు తమ్ముడూ?”

మామ ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

“పసిబిడ్డలా. వేడి నీళ్లిచ్చే మిషన్‌కి చలి తగలనిస్తానా? వెంటిలేటర్లు రెండింట్లోనూ పాత బొంతలు కుక్కాను. తలుపు కింద సందులో గోనెసంచి. తలుపు చుట్టూ ప్లాస్టిక్ టేపు. పైన తాళం, తాళంచెవి నా మొలతాడుకి. చీమ కాదు కదా, చీమ వదిలిన ఊపిరి కూడా లోపలికి పోదు. అయినా ఆ మిషన్ పౌరుషం చూడండి, నిన్న తలుపు తీస్తే లోపల నా మీసం గట్టిపడి టకటకమంది. మిషన్ వెనక రేకుల మీద మంచు, వేలెడు మందం.”

“మంచు నిజంగా ఉందా?”

“ఒట్టక్కా. గోకితే పొరలు పొరలుగా రాలింది.”

అమ్మ బెంచీ చివర కూర్చుంది.

“ఇందాకట్నుంచీ నువ్వు చెప్పినవాటిలో ఇదొక్కటే నమ్ముతున్నాను తమ్ముడూ. గాలిలోంచి వేడి లాగుతుందన్నావు. లాగిన గాలి చల్లబడుతుందన్నావు. మరి గదికి ఊపిరి ఆడకుండా మూసేస్తే ఆ చల్లగాలి ఎటు పోతుంది, కొత్త గాలి ఎటు వస్తుంది? ఉన్న కాస్త వేడీ మొదటి గంటలో లాగేసి, మిగతా రోజంతా అది తను వదిలిన చలినే తను పీలుస్తూ కూర్చుంటోంది. గుడ్డ పెట్టకుండా రోజంతా నా కుట్టు మిషన్ తొక్కితే ఒక్క చొక్కా అయినా వస్తుందా?”

టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపి మామ వైపు తిరిగాడు.

“సూర్యుణ్ణి ఆపినవాడు రెండు బొంతలు తియ్యలేకపోయాడు,” అన్నాడు ఆటో అన్న, గ్లాసులోకి చూస్తూ.

మామ మొహం మొదటిసారి మామూలు సైజుకి వచ్చింది. “ఇంజినీరు వెంటిలేటర్లు తెరిచే ఉంచమన్నాడక్కా,” అన్నాడు, గొంతు తగ్గించి. “వేడి మిషన్ కదా, చల్లారిపోతుందనుకున్నాను. ఆయనకి ఊరి చలి సంగతి తెలీదనుకున్నాను. మూడు వారాలుగా నీళ్లు కాగకపోతే ఇంకో బొంత కుక్కుతూ వచ్చాను.”

అమ్మ నవ్వలేదు, తిట్టలేదు. “ఇప్పుడేం చెయ్యాలి?”

“బొంతలు ఇవాళే లాగేస్తాను. కానీ అది చాలదు. చల్లగాలి బయటికి పోవడానికి గోడకి కన్నం కొట్టి గొట్టం పెట్టాలి. ఆ తలుపు తీసేసి జాలీ తలుపు పెట్టాలి. చేసేద్దాం అక్కా, త్వరలో.”

అమ్మ లేచి, క్యాన్ కోసం చెయ్యి చాపింది. వేళ్లు తెరుచుకోలేదు. పిడిలోకి మణికట్టు దూర్చి ఎత్తబోయింది. నేను తీసుకున్నాను. నాకు వచ్చిన నినాదాలన్నీ, చదివినవీ, గోడల మీద రాసినవీ, ఒకేసారి గొంతులోకి వచ్చాయి. ఆ వేళ్ల ముందు ఒక్కటీ పనికిరాలేదు. పన్నెండు సంతకాలు తెచ్చినవాణ్ణి నేను, మూడు వారాల్లో ఒక్కసారైనా ఆ గది తలుపు కొట్టి చూసినవాణ్ణి కాదు.

“మిషన్ తప్పు లేదు మామా,” అన్నాను. “అది బతికే ఉంది, దానికి గాలి కావాలి. రేపటి మంచి కోసం ఇవాళ ఒకరి చేతులు బిగుసుకుపోవాలంటే నేను ఒప్పుకోను, ఆ మాట నేనే రాసిందైనా సరే. గోడ నేను కొడతాను. సుత్తి నీది, శానం నీది, గొట్టం కొలత నీది. కానీ త్వరలో అనే రోజు ఏ క్యాలెండర్లోనూ లేదు.”

“ఏమంటావల్లుడూ అయితే?”

“యూనిఫారాలకి ఇంకా పదమూడు రోజులున్నాయి. అమ్మకి అందులో కనీసం ఎనిమిది రోజులు పొద్దున్నే వేడినీళ్లు కావాలి. మా కుళాయి దగ్గరికి నువ్వే రావాలి, నీ చేత్తోనే తిప్పాలి. వేడినీళ్లు వస్తే అదే జవాబు. రాకపోతే ఎందుకు రాలేదో పన్నెండు ఇళ్ల ముందూ కోతలు లేకుండా చెప్పాలి. ఈ నెల పన్నెండు, శుక్రవారం, పొద్దున ఆరు గంటలకి.”