లోవరాజు ఊడబీకిన పిస్టను

పాలకొల్లు లాకుల దగ్గర పందిరి కింద, పడవ ఎప్పుడు బయల్దేరుతుందా అని కూర్చున్నవాళ్ళలో మొగల్తూరు వెంకటరాజు గారు కూడా ఉన్నారని తెలిశాక లోవరాజు నోరు ఊరుకోలేదు. రాజుగారు బియ్యం మిల్లు పెడదామని పాత ఆవిరి ఇంజను ఒకటి కొన్నారు. దాని పిస్టను సిలిండరులో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇంజను నరసాపురం రేవులో పడి ఉంది. పిస్టను ఊడదీసినవాడికే మిల్లులో ఇంజను నడిపే డ్రైవరు పని అని ఆయన ఎవరితోనో అంటుంటే లోవరాజు విన్నాడు. ఒకప్పుడు స్టీమరు మీద పొయ్యిలోకి కట్టెలు ఎగదోసినవాడు, ఇప్పుడు సముద్రం మీద వలలు లాగుతున్నాడు. ఎవరైనా తనని "డ్రైవరు గారూ" అని పిలిస్తే వినాలని అతనికి చచ్చేంత ఆశ.

చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకుని, అణకువగానే మొదలుపెట్టాడు. రాజమండ్రి రేవులో దొరగారి స్టీమరుకి కూడా పిస్టను ఇలాగే బిగుసుకుపోయిందిటండి, ఎవరి వల్లా కాకపోతే తననే పిలిచారుటండి, తను సిలిండరు నిండా సొర నూనె పోసి, బాగా నాననిచ్చి, తుమ్మ దుంగ అడ్డం పెట్టి సుత్తితో పైపైన తట్టాడుటండి.

రాజుగారు ఇటు తిరిగి, "ఊడిందా?" అన్నారు.

ఊడిందంటే కథ అక్కడితో అయిపోతుంది. లోవరాజుకి అది బొత్తిగా నచ్చలేదు.

"మామూలు పిస్టనైతే ఊడేదేనండి," అన్నాడు. "ఇది ధాన్యం గాదె అంత ఉంటేనూ."

ఎడ్లని కట్టి లాగించాడుట. ఎడ్ల కాడి విరిగింది గాని పిస్టను కదల్లేదు. ద్రాక్షారామం ఉత్సవానికి పోతున్న ఏనుగుని బతిమాలి తీసుకొచ్చి కట్టాడుట. పాపం అది లాగి లాగి, సిగ్గుతో చెరుకు గడ కూడా ముట్టకుండా కూలబడి కంటతడి పెట్టుకుందిట. అప్పుడు లోవరాజుకి తాతలనాటి పద్ధతి గుర్తొచ్చిందిట. వల గుంజ బురదలో దిగబడి రాకపోతే బెస్తవాళ్ళేం చేస్తారు? పాటున నీళ్ళు తీసినప్పుడు పడవకీ గుంజకీ బిగించి మోకు కట్టి, చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటారు. పోటెక్కి పడవ లేచేసరికి గుంజ దానంతటదే ఊడొస్తుంది. ఇంజన్ని రేవు రాళ్ళకి కట్టేసి, పెద్ద పడవకి పిస్టనుని కట్టాడుట. అమావాస్య పోటు.

"పడవ లేస్తోందండి. పిస్టను రానంటోంది. పోటు ఊరుకుంటుందా? ఇంజను లేచింది, రేవు లేచింది, రాజమండ్రి మొత్తం జానెడెత్తు లేచింది. ఇళ్ళల్లో ఎసట్లో నీళ్ళు తొణికి పొయ్యిలారిపోయాయండి. ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ?"

పడవ సరంగు అచ్చిబాబు నోరు తెరిచి వింటున్నాడు. రాజుగారు తన తమలపాకుల పెట్టె లోవరాజు వైపు జరిపారు. అంత మర్యాద జన్మలో ఎరగని లోవరాజుకి ఒళ్ళు తేలిపోయింది, కథా తేలిపోయింది.

పిస్టను ఒక్కసారిగా ఊడి ఆకాశానికి ఎగిరిందిట, మోకు పట్టుకున్న లోవరాజుతో సహా. ద్రాక్షారామం గోపురం మీదుగా పోతుంటే భీమేశ్వరుడికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నాడుట.

"రెండు చేతులూనా? మరి మోకో?" అన్నాడు అచ్చిబాబు.

"పళ్ళతో పట్టుకున్నానండి."

చివరికి పిస్టనుతో పాటే మొగల్తూరు ఎదర సముద్రంలో పడ్డాడుట. ఆ పిస్టను వేడికి సముద్రం ఉడికి, చేపలన్నీ వండినవి వండినట్టే ఒడ్డుకొచ్చాయిట, ఉప్పు కూడా వెయ్యక్కర్లేకుండా. దొరగారు గుర్రం మీద వెతుక్కుంటూ వచ్చి, టోపీ తీసి, లోవరాజుకి వంగి సలాం చేశారుట.

పందిరి కింద అందరూ శభాష్ అన్నారు. రాజుగారు మనసులో మిల్లు తాళాలు ఇచ్చేసినట్టే కనిపించారు. లోవరాజు చెవిమీది చుట్ట తీసి దర్జాగా వెలిగించుకున్నాడు.

అప్పటిదాకా చేపల గంప పక్కన కునికిపాట్లు పడుతున్న అతని మేనత్త మరిడమ్మ కళ్ళు తెరిచింది.

"ఒరే, ఎగిరావు సరే, సముద్రం ఉడికింది సరే. ధవళేశ్వరం ఆనకట్ట ఎక్కి రాజమండ్రికి పోటు ఎలా వచ్చిందిరా?"

ఏనుగు ఏడుపునీ, ఊరు లేవడాన్నీ నమ్మినవాళ్ళు కూడా దీన్ని నమ్మలేకపోయారు. సముద్రపు పోటు ఆనకట్ట దిగువనే ఆగిపోతుందని, రాజమండ్రి దానికి ఎగువనుందని వాళ్ళకి తెలియనిదా? లోవరాజు నోట్లో చుట్ట ఆరిపోయింది.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ గుంజ పీకే పద్ధతి మాత్రం బాగుందోయ్. మా ఇంజను నరసాపురం రేవులోనే ఉంది, అక్కడికి పోటొస్తుంది. ఎల్లుండే అమావాస్య. వచ్చి పిస్టను ఊడదియ్యి, డ్రైవరు పని నీదే."

లోవరాజు తలైతే ఊపాడు. పిస్టనుని అతను ఏనాడూ వేలితో కూడా ముట్టుకోలేదు.

మరిడమ్మ గంప నెత్తికెత్తుకుంటూ రాజుగారితో అంది: "పోటైతే తప్పకుండా వస్తుందండి. వీడి సంగతే చెప్పలేం."